కుడిచేతి గాజులు

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి డయాలసిస్‌కు వచ్చే ఒక అవ్వ గాజులన్నీ కుడిచేతికే వేసుకునేది. సూదుల కోసం ఎడమచేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా చేశారు కనుక అక్కడ గాజులు వద్దన్నాం. ఆ చేతివి కూడా ఇటే తొడుక్కుంది.

సూది గుచ్చేముందు ఫిస్టులాలో రక్తం పారే హోరును స్టెతస్కోపుతో వినడం నర్సుగా నా పని. అప్పుడు ఆమె గాజులు మోగకుండా కుడిచేతిని కొంగులో చుట్టేసి ఊపిరి బిగబట్టేది. "తీసెయ్యరాదవ్వా?" అంటే, "ముసలాయన బతికుండంగ ఎట్ల తీస్త బిడ్డా?" అనేది.

ఒక రోజు మూడుచోట్ల పెట్టి చూశాను. హోరు లేదు. ఫిస్టులా మూసుకుపోయింది. ఎలా చెప్పాలా అని తలెత్తేసరికి, అవ్వ ఒక్కొక్క గాజే తీసి పడకమీద పెడుతోంది.

"నా గాజుల సప్పుడుకే నీకు ఇనవడ్తలేదు గావచ్చు. ఇప్పుడు ఇను బిడ్డా."