ఆయన ముక్కుకు దూది, మాటకు నేను

మా ఆయన సినిమాల్లో ఫైటరు. హీరోల చేత తన్నులు తిని బతికే మనిషి, యూసుఫ్‌గూడలో మా ఇంటి మెట్ల మీద కాలు జారి దవడ విరగ్గొట్టుకున్నాడు. ఈ సంగతి బయట చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఇదిగో, చెప్పేస్తున్నా.

నోట్లో ఆపరేషన్ కాబట్టి ఊపిరి గొట్టం ముక్కులోంచి వేశారు. జూబ్లీహిల్స్‌ ఆసుపత్రిలో అంతా సవ్యంగానే జరిగింది. గొట్టం తీసేశారు, గదికి తెచ్చారు. నేను టీ కప్పు ఎత్తానో లేదో, ముక్కులోంచి రక్తం. కారడం కాదు, ధారే. తెర మీద ఎంత ఎర్రరంగు చూసినదాన్నైనా, నిజం రక్తం చూసేసరికి కప్పు వదిలేసి లేచాను. సినిమాల్లో చేసినట్టే ఆయన తల వెనక్కి వాల్చేశాను. నర్సమ్మ పరుగున వచ్చి నన్ను పక్కకు జరిపింది.

“గట్ల వెనక్కి వంచకక్కా, రక్తం గొంతులకు పోతది.”

ఆయన్ని కూర్చోబెట్టి, తల ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని నా చేత గట్టిగా నొక్కి పట్టించింది. నోట్లోకి వచ్చింది మింగొద్దని, గిన్నెలోకి వదిలేయమని చెప్పింది. ఈలోగా డాక్టరమ్మ వచ్చి ఏ పక్క నుంచి, గొంతులోకి జారుతోందా, ఊపిరి ఆడుతోందా అని వరసగా అడిగింది. దవడ కదపకూడదు కదా, ఆయన పెదాలు మాత్రం ఆడించాడు. ఎవరికీ అర్థం కాలేదు. నాకెందుకు కాదు? ఫిలింనగర్‌లో హీరోయిన్లకు డబ్బింగ్ చెబుతాను, పెదాలు చూసి మాట కలపడమే నా పని. ఎడమ పక్క నుంచి అని, కాస్త జారుతోందని, ఊపిరి ఆడుతోందని ఆయన తరఫున గడగడా చెప్పేశాను. మగగొంతు పెట్టానట, తర్వాత నర్సమ్మ ఒకటే నవ్వు.

మందు చుక్కలు వేశారు. ఆగలేదు. ఈ మనిషి నాకు దక్కుతాడా అని ఏడుపు తన్నుకొచ్చింది. చివరికి డాక్టరమ్మ మందులో తడిపిన దూది పట్టీని ముక్కులో లోపలికంటా కూరింది. కాసేపటికి ధార చుక్కలైంది, ఆ చుక్కలూ ఆగాయి. గొంతులోకి టార్చి వేసి చూసి ఇక ఫర్వాలేదంది.

అప్పుడు ఆయన నా వైపు తిరిగి పెదాలు కదిపాడు.

“అన్న ఏమంటుండు అక్కా?” అంది నర్సమ్మ.

“నీళ్లు కావాలట.”

ఆయన గుడ్లురిమాడు. చూపుడువేలు ఎత్తి చూపించాడు. మా స్టూడియోలో ఇంకో టేక్ అంటే అదే సైగ. మళ్లీ అవే పెదాలు, అదే మాట. ఈసారి ఉన్నదున్నట్టు కలిపాను.

“ఏడవకే. రేపు నీకు డబ్బింగుంది, గొంతు పోతుంది.”

మాట సగంలోనే నా గొంతు పోయింది.