గంటలు తీసిన బండి

కెమెరా మా అన్నది. మర్నాడు మద్రాసు రైలెక్కేటప్పుడు తీసుకుపోతానన్నాడు. బట్టమేక పిట్టను ఫోటో తీయడానికి నాకిక మిగిలింది ఆ ఒక్క ఆదివారమే.

నందికొట్కూరు దారిలోని గడ్డిబీళ్లలో తిరిగే పిట్ట అది. మనిషి నడుమంత ఎత్తు, తెల్లటి మెడ, జమీందారు నడక. కాలినడకన వచ్చేవాళ్లను అంతదూరంలోనే పసిగట్టి లేచిపోతుంది. అందుకని ప్లీడరైన మా ఆయన బండి కట్టించాడు. చప్పుడు కాకూడదని ఎద్దుల మెడగంటలు తీయించాడు, ఇరుసుకు దండిగా కందెన పెట్టించాడు. బండి తోలే సాయిబు తాతకు అది అవమానంగా తోచింది.

"గంటల్లేకుంటే పీనుగను మోసకపోతాండట్లుండాదమ్మా," అన్నాడు.

"నువ్వు మాట్లాడొద్దు తాతా, పిట్ట పోతాది," అన్నాడు మా ఆయన.

పిట్ట పోనే పోయింది. ఇంకొంత దూరంలో కనిపించిన రెండోదీ పోయింది.

"నీ నోటికే పోయింటాది," అని ఆయన నామీద పడ్డాడు. నేనసలు నోరే తెరవలేదు. ఆ రోజుకు అదే పెద్ద వింత.

అంతలో వేరుసెనగ మూటల బండి ఒకటి గంటలు మోగిస్తూ, ఇరుసు కీచుమంటూ ఆ బీడులోంచే సాగింది. పక్కనే మేస్తున్న మూడో పిట్ట ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ మిడతల పనిలో పడింది.

"చూస్తిరా! గంటల బండి దానికి దినామూ కనపడేదే. సప్పుడు లేకుండా వచ్చేది తుపాకోళ్ల బండి. మనమే దొంగల మాదిరి వస్తాండాము," అన్నాడు తాత.

"దానికింత ఆలోచన ఉంటుందా? సాక్ష్యమేది?"

"ఎగిరిపోయిన రెండు పిట్టలూ సాక్ష్యం కాదా?" అని మా ఆయన్ను నేనడిగాను.

నేను చెప్పేలోపే తాత గంటలు కట్టేశాడు. కానీ నడిచే బండిలోంచి తీస్తే ఫోటో అలుక్కుపోతుంది, ఆపితే పిట్ట అనుమానిస్తుంది. అందుకని బండి నడుస్తుండగానే పిట్టకు కనిపించని వైపు దిగి, తంగేడు పొద వెనక కూర్చుంటానన్నాను. వాళ్లిద్దరూ ఆగకుండా మాట్లాడుకుంటూ పోవాలి.

"ఏం మాట్లాడాలమ్మా?"

"నీ ఎద్దులు సోమరిపోతులని ఈయనంటాడు. ఆపైన నీ ఇష్టం."

తాత గొంతు బీడంతా వినిపించింది. పిట్ట ఆ బండినే చూస్తూ, అడుగు అడుగు వెనక్కి వేస్తూ నా పొద దగ్గరికే వచ్చింది. దాని కాళ్లకింద గడ్డి నలిగే చప్పుడు కూడా విన్నాను. బండిలో ఏముందని అంత చూపు? తెలుసుకోవాలని ఇప్పటికీ ఉంది. మీట నొక్కాను.

సాయంత్రం కడిగిన ఫిలిమును అన్న వెలుతురుకు ఎత్తిపట్టాడు.

"వీపు తీసినావే! ముఖమేదీ?"

"నేనూ అదే అంటాండా. ముఖం తీయాలంటే ఈ కెమెరా పెట్టె ఈడ ఉండాల కదా?" అన్నాను.

అన్న మా ఆయన వైపు చూశాడు.

"నన్ను చూడొద్దు బావా. నేను కోర్టులోనే గెలుస్తా, ఇంట్లో కాదు," అన్నాడాయన.

మర్నాడు అన్న వట్టి చేతులతో రైలెక్కాడు.