వాగు ఒడ్డున అక్క గొంతు

చనిపోయిన మనిషి చేతిపనిని, సమాధి మీద మట్టి ఆరకముందే చెరిపేసే హక్కు మనకెవరిచ్చారు? మన సంఘ పత్రికలో అడుగుతున్నది మిమ్మల్నే, ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చుని ఆమెన్ చెప్పే మిమ్మల్ని. మా బావ, అంటే మా అక్క భర్త, పోయిన నెల పటాన్‌చెరు ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు. ఏళ్ల తరబడి మందుల ఫ్యాక్టరీ స్టోర్‌లో రసాయనాల డ్రమ్ముల మధ్య కూర్చున్నవాడి ఊపిరితిత్తులు ఎందుకు పాడయ్యాయని ఎవరూ అడగలేదు. పాట పాడాం, ప్రార్థన చేశాం, భోజనాలు చేసి లేచాం.

బావకు ఒక కంప్యూటర్ ఆట ఉండేది. అందులో ఒక దేశమంత మేర ఉంటుంది. ఎటు కావాలంటే అటు నడిచిపోవచ్చు, కొండలెక్కవచ్చు, ఎదురైనవాళ్లతో మాట్లాడవచ్చు. సంఘంలో దానికి నవ్వని మనిషి లేడు.

"మనుమలను ఆడిపిచ్చే వయసుల నువ్వే ఆడవడ్తివి" అని ఒక పెద్దాయన ఎద్దేవా చేస్తే, "ఆడుడు కాదన్నా, కట్టుడు" అన్నాడు బావ.

నవ్వడానికి ఇంకోటి కూడా దొరికింది. అందరి కంప్యూటర్లలో విండోస్ ఉంటే బావ దాంట్లో లినక్స్ ఉండేది. ఎందుకని అడిగితే, "విండోస్ కొనే తాకతు లేదు. కాపీ కొట్టింది పెట్టుకుంటే దొంగసొమ్మే గదా. ఉన్నయే పది ఆజ్ఞలు, అండ్ల ఒకటి గిట్ల ఇడిసిపెడితే ఎట్ల?" అనేవాడు. లినక్స్ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఆట మాత్రం హైదరాబాద్ పోయి అసలు సీడీనే కొన్నాడు. విండోస్ కోసం చేసిన ఆటను లినక్స్ మీద నడిపించడానికి తిప్పలు పడ్డాడు. ఒకసారి మనుషులకు తలలు రాలేదు. ఇంకోసారి నీళ్లన్నీ నల్లగా వచ్చాయి. తలల సంగతికి నవ్వినవాడు నీళ్లు చూసి మాత్రం కుర్చీలోంచి లేచిపోయాడు. "బయట వాగు నల్లగనే పారుతుంది, దీంట్ల గూడ నల్లగనేనా" అన్నాడు. అవి తేటపడేదాకా ఇంకో పని ముట్టలేదు.

ఆటలో లేనిదాన్ని మనమే తయారుచేసి కలిపితే దాన్ని మాడ్ అంటారు. బావ కలిపింది మా వాగును. మందుల కంపెనీలు వచ్చి దాన్ని నల్లబరచకముందు అది ఎక్కడ వంపు తిరిగేదో, ఏ బండ మీద బట్టలుతికేవాళ్లో అన్నీ పెట్టాడు. తోడేళ్లను తీసేసి బర్రెలను దించాడు. చివరికి మా అక్కను మైకు ముందు కూర్చోబెట్టాడు.

"డబ్బాతోని ఏం మాట్లాడాలె నేను?" అంది అక్క.

"వాగుకాడ ఎవలన్న కొత్తోళ్లు ఎదురైతే ఏమంటవో అదే అను."

అక్క కాసేపు నవ్వి, కొంగు సర్దుకుని చెప్పింది. "ఏ ఊరయ్యా మనది? ఎండల పడి వస్తివి. చెలిమ నీళ్లు సల్లగున్నయి, జెర తాగి పో." ఇసుకలో గుంట తీస్తే ఊరే చెలిమ నీళ్లు ఆ వాగులో లేక ఎన్నాళ్లయిందో ఆమెకూ తెలుసు. రంగు మారిన బోరు నీళ్లు తాగీ తాగీ ఆ తర్వాత అక్క పోయింది. ఏ డాక్టరూ ఆ మాట కాగితం మీద రాయలేదు.

ఆ గొంతును బావ ఆటలో వాగు ఒడ్డున నిలబెట్టిన ఆడమనిషికి పెట్టాడు. ఆ ఆటలో కొత్తగా కలిసినప్పుడు చెప్పే మాటను ఆమె ఒక్కసారే చెబుతుంది. మళ్లీ పోతే తల ఊపుతుంది, అంతే. ఆ మాట మళ్లీ వినాలంటే ఆటను మొదటినుంచి ఆడాలి. అందుకే బావ ఆ ఆటను ఎన్నడూ పూర్తిచేయలేదు. వాగు దాకా నడిచేవాడు, వినేవాడు, ఆపేసేవాడు. ఆరాధన అయ్యాక పక్కన కూర్చుని ఒకనాడు అడిగాను.

"ఎప్పుడు పోయినా మాట్లాడేటట్టు మార్చరాదు, బావా? నీకు రాని పనా?"

"వస్తది. గని అప్పుడు మీ అక్క టేపురికార్డర్ అయితది, బామ్మర్దీ. ఆమె కొత్తోణ్ణి పలకరిచ్చింది. గందుకే నేనే కొత్తగ పోత."

పునరుత్థానం గురించి గొంతు చించుకునే నాతో ఆయన ఎన్నడూ వాదించలేదు. "అది దేవుని పని. ఇది నా ఓపిక" అన్నాడు.

ఆ ఓపికను మనవాళ్లు ఒక్క పూటలో తుడిచేశారు. సమాధి కార్యక్రమం అయిన వారంలోనే బావ తమ్ముడు సంతోషంగా నా దగ్గరికి వచ్చాడు. "అన్న కంప్యూటర్ ఖరాబైంది. స్టార్ట్ బటనే లేదు, నల్ల తెర మీద ఏందో రాతలు వస్తున్నయి. దుకాణంల ఇచ్చి ఫార్మాట్ కొట్టిచ్చిన, విండోస్ ఏపిచ్చిన. ఇప్పుడు జల్దీ నడుస్తుంది."

మన దగ్గర కంప్యూటర్‌కు తెలిసిన వైద్యం అదొక్కటే. అతణ్ణి ఏమనను? దుకాణానికి పరుగెత్తాను. "పాతదాని మీద కొత్తది ఎక్కింది సార్, ఇగ రాదు" అన్నాడు దుకాణదారు. దొంగసొమ్ము ముట్టనివాడి యంత్రంలో దొంగ విండోస్ కూర్చుంది. మా వాగు రెండోసారి పోయింది. అక్క గొంతు కూడా పోయింది.

దేవుని నివాసంగా కట్టిన ప్రత్యక్ష గుడారానికి బంగారం సాగగొట్టినవాణ్ణి దేవుడే జ్ఞానంతో నింపాడని వాక్యంలో చదువుతాం. ఆరాధనలో మన బల్ల మీద మనతో కూర్చున్న పనివాణ్ణి మాత్రం ఆటల పిచ్చోడన్నారు.

ఇంకొక్క దారి ఉంది. ఒక క్రిస్మస్‌కు బావ అక్క గొంతుతో సహా ఆ మాడ్‌ను సీడీలకెక్కించి కేకుతో పాటు మీ ఇళ్లలో పంచాడు. అవేమయ్యాయో కొంత చూశాను. ఒకటి స్కూటర్ వెనక అద్దంలా బిగించి ఉంది, నిండా గీతలు. మిగిలినవి పిట్టలను బెదిరించడానికి లక్డారంలోని మీ చేలలోకి పోయాయట. గీతలు పడనిది ఒక్కటి చాలు. వచ్చే ఆదివారం తెస్తామనకండి. ఎండకు వెండి పూత పొరలుగా లేచిపోతుంది. ఈ పత్రిక పక్కన పెట్టి ఇప్పుడే లేవండి. మీ మొక్కజొన్న చేనులో కర్రకు దారంతో వేలాడుతూ, గాలికి తిరుగుతూ, పిట్టల మీదికి వెలుగు విసురుతున్నదాన్ని ఈరోజే దించండి.