మడమనాకుడు ఉండే మెట్లు

ఈ సంగతి ఇప్పుడే రాసిపెట్టాలని ఎందుకు అనుకున్నానంటే, మా వరసగదుల చాల్‌లో ఏ శుభకార్యం జరిగినా దీన్ని నవ్వుకోవడానికే చెప్పుకుంటున్నారు. చెప్పిన ప్రతిసారీ అందులోని జంతువుకు ఒక కొమ్మో తోకో కొత్తగా మొలుస్తోంది. నా మేనకోడళ్లు మరాఠీలో చెప్పుకునే కథలోనైతే అసలు వానే లేదు. ఆ రోజు అక్కడున్నవాళ్లలో రాసే అలవాటు నాకొక్కడికే ఉంది కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఎనభైల మధ్యలో మేము కొందరం వానాకాలం ఆదివారాల్లో కొండలెక్కేవాళ్లం. గ్రాంట్ రోడ్‌లో లోకల్ ఎక్కి, దాదర్‌లో బండి మారి కర్జత్ దాకా పోయేవాళ్లం. అక్కడినుంచి నడక. గోడలకు రంగులు వేసే మా బావ, మా అక్క, సంచులు కుట్టే కార్ఖానాలో నాతోపాటు పనిచేసే దోస్తు, పక్క గదిలో ఉండే అత్త. అత్త మాకు రక్తసంబంధం కాదు. పాలమూరు నుంచి వచ్చి, వయసంతా కట్టడాల మీద తట్టలు మోసిన మనిషి. కొండ అంటే మాకన్నా ముందు చీర బిగించేది.

నడుస్తూ జంతువుల మీద కోతలు కోయడం మా ఆట. చెప్పులు మాత్రమే తినే పులి, మనిషి నీడను కొరికే ఉడుము, ఇలాంటివి. నియమం ఒక్కటే: వినేవాళ్లు నమ్మినట్టే ముఖం పెట్టాలి. అబద్ధమన్నవాడు అన్నం డబ్బాల సంచి మోయాలి. ఆ సంచి ఎప్పుడూ నా భుజానే ఉండేది. బడి మధ్యలో మానేసినవాణ్ణి. మా గల్లీ వాచనాలయంలో జంతువుల మీద ఉన్న తెలుగు పుస్తకాలన్నీ చదివేసి, మరాఠీవి కూడబలుక్కుంటున్న రోజులవి. నా ముందు ఎవరైనా తప్పు చెబితే ఊరుకోవడం నా వల్ల అయ్యేది కాదు.

ఆ ఆదివారం ఎక్కిన కోటకు రాతిని తొలిచిన మెట్లు, అక్కడివాళ్ల మాటలో పాయరీలు. మనిషి వెనక మనిషి తప్ప పక్కపక్కన పట్టరు. ఒకవైపు కొండ, రెండోవైపు ఏమీ లేదు. ఎక్కేటప్పుడు రాయి పొడిగా ఉంది. దిగడం మొదలుపెట్టేసరికి పడమటి వైపు మబ్బు కమ్ముకొస్తోంది. దోస్తు ముందు, తర్వాత అత్త, నేను, నా వెనక అక్క, బావ. వాన పడేలోగా దిగకపోతే ఆ పాచి మీద కాలు నిలవదని అందరికీ తెలుసు.

సగం దిగాక నా కాళ్లు ఆగిపోయాయి. కారణమేమీ లేదు. రాతిలో చేతులు పెట్టుకోవడానికి తొలిచిన గుంతను రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయాను.

"నడువురా," అన్నాడు బావ పైనుంచి.

"కాళ్లొస్తలేవు బావా."

"కింద చూడకురే," అన్నాడు దోస్తు. అనగానే చూశాను. చెట్లు కొత్తిమీర కట్టల్లా ఉన్నాయి. భుజాన సంచి నన్ను ఆ వైపుకే లాగుతున్నట్టుంది. నేను కదలకపోతే నా వెనక ఇద్దరికీ దారి లేదు. మొదటి చినుకు నా మెడ మీద పడింది.

"నువ్వు నోర్మూసుకొని దిగు," అని అత్త వాణ్ణి పంపించేసింది. నావైపు తిరిగి, కొండకు వీపు ఆనించి, మామూలుగా మాట్లాడింది.

"అల్లుడా, ఈ పాయరీల కింద మడమనాకుడు ఉంటది, ఎరికేనా? నిలవడ్డోల్ల మడమ నాకుతది. పాము లెక్కనే, ఎనిమిది కాళ్లు."

ఆమె తొందరపెట్టలేదు. నా నోరే ఊరుకోలేదు.

"పాముకు కాళ్లుండవు."

"గాలికి ఇనవడలే. ఒక్క పాయరి దిగి చెప్పు."

నాకు ఒళ్లు మండింది. మడమకు ఏదో తగిలింది. అది ఆమె అరచెయ్యి, నా పాదాన్ని కింది మెట్టు మీదికి చేరుస్తోంది. "సూసినవా, నాకింది," అంది.

"కాళ్లుండవు అత్తా."

"గట్లనా. మరి గబ్బిలం లెక్క గుడ్లు వెడతది."

"గబ్బిలం గుడ్లు పెట్టదు. పిల్లలకు పాలిస్తుంది."

"ఏందో అన్నవ్, ఇంకొంచెం దగ్గరికొచ్చి చెప్పు."

అలా దిగాను. తిమింగలాన్ని చేప అంది, సాలీడుకు ఆరు కాళ్లంది, మొసలికి చెవుల మీద జుట్టుందంది. వాన పెరిగింది. ఒకచోట నా చెప్పు జారితే అక్క పైనుంచి కాలర్ పట్టుకుంది. చొక్కా చిరిగిన చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. బావ ఒక్క మాట మాట్లాడలేదు.

చివర్లో ఒక మెట్టు విరిగిపోయి ఉంది. కాలు బారచాచి దాటాలి. అత్త దాటి అవతల నిలబడింది. ఇక ఆమె చెయ్యి నా మడమకు అందదు.

"మడమనాకుడు ఉంది సూడు, దానికి..."

"నువ్వు కావాలనే తప్పులు చెప్తున్నావు," అన్నాను. తెలిసిపోగానే మళ్లీ చేతులు బిగుసుకున్నాయి.

ఆమె నీళ్లు కారుతున్న ముఖం తుడుచుకుంది. గొంతు మారింది. "కావాలనే చెప్పిన. గిది మాత్రం నిజంగ అడుగుతున్న బిడ్డా. ఏనుగు నిలవడి నిద్రవోతదా, పండుకుంటదా? శానా దినాల నుంచి ఎవల్నన్న అడగాలనుకుంటున్న."

"రెండూ చేస్తుంది," అన్నాను. చదివింది గుర్తు తెచ్చుకుంటూ చెప్పసాగాను: నిలబడి కునుకు తీస్తుంది, ఒక్కోసారి పక్కకు వాలి పడుకుంటుంది, గున్నలైతే ఎక్కువగా పడుకునే నిద్రపోతాయి. గున్నల దగ్గరికి వచ్చేసరికి నా కాలు అవతల ఉంది. ఆమె నా మణికట్టు పట్టుకుని లాగింది.

అక్క దిగింది, బావ దిగాడు. తర్వాత కురిసిన వానకు ఆ మెట్లు కాలువైపోయాయి.

కింద గుడిసె హోటల్లో టీ తాగుతుంటే, ఇదెక్కడ నేర్చుకున్నావని అడిగాను. అత్త తడిసిన కొంగు పిండుకుంది.

"బిల్డింగుల మీద. మా ఊరామె పరాంచి కట్టెల మీద గిట్లనే నిలవడిపోయింది. కిందికెల్లి అందరం భయపడకు, భయపడకు అని ఒర్లినం. గప్పుడే చెయ్యి ఇడిసింది." టీ ఊదుకుంది. "గప్పటిసంది ఎవలన్న బిగుసుకపోతే ఆల్లతోని ముచ్చట వెడతం. జవాబు చెప్పేటోడు చెయ్యి ఇడవడు."

పేర్లు రాయొద్దని మావాళ్లు అన్నారు కాబట్టి వరసలతోనే కృతజ్ఞతలు చెప్పుకుంటాను. చొక్కా చిరిగినా వదలని అక్కకు. భయమైనా నోరు మెదపని బావకు. కిందికి పోయి తాడు కోసం ఊళ్లోకి పరుగెత్తిన దోస్తుకు. నాకు ఏనుగుల పుస్తకం ఇంటికిచ్చి పంపిన వాచనాలయం పెద్దాయనకు. చాలా రోజుల నుంచి అడగాలనుకున్నది ఆ విరిగిన మెట్టు దగ్గరే అడిగిన అత్తకు.