మామ అడిగిన మూల

జహీరాబాద్‌లో నాకంటే తెలివైన బేరం చేసినవాళ్లుంటే చూపించండి. పదో తరగతిలో ఉండగా, బడి ప్రహరీగోడ మొత్తానికి సరిపోయే రంగులు ఒక్క పైసా పెట్టకుండా తెచ్చిన. ఇచ్చింది మా మేనమామ. ఆయనది రంగుల దుకాణం. బదులుగా అడిగింది గోడ మీద ఓ మూలకు దుకాణం పేరు, అంతే. సరే మామా అని వచ్చేసి, వారంపాటు బడిలో నేల మీద నడవలేదు.

మాది కిరాణా. నాకు మాటలకంటే ముందు తూకం వచ్చిందని ఇంట్లో ఎగతాళి. ముఖం పక్కకు తిప్పుకొని రెండడుగులు వేసి, అమ్మేటోడే వెనక్కి పిలిచేటట్టు చేయడం నాకు చిన్నప్పుడే తెలుసు. కాకపోతే మా దుకాణపోళ్లలో ఒక పద్ధతుంది. బయటోళ్లతో గింజ గింజకూ కొలత, సొంతోళ్లతో నోటిమాట. మేనమామను పట్టుకొని "ఎంత మూల?" అనడమంటే ఆయన వడ్డించిన అన్నాన్ని కాంటా మీద పెట్టినట్టు. అడగలేదు.

గోడ మీద మన ఊరే వేద్దామన్నది డ్రాయింగ్ మేడం. హైవే మీద లారీలు, చెరుకు బండ్లు, బారుగా కొత్త ట్రాక్టర్లు. లెక్కల సారు ముగ్గుపిండి రుద్దిన దారం గుంజి వదిలి గోడంతా గళ్లు కొట్టిండు. నేను వేసిన లారీని మేడం చాలాసేపు చూసి, "టైర్లు మంచిగొచ్చినయి" అన్నది. నన్ను నొప్పించడం ఆమెకు ఇష్టం లేదు.

అసలు చేయి నా దోస్తుది. మొగుడంపల్లి నుంచి బస్సులో వచ్చేది. రోడ్డు దిక్కు చివర అల్లం కడిగే ఆడోళ్లను వేసింది. అందులో ఒకామె వాళ్ల అవ్వ. మోచేతుల దాకా మట్టి, నడుముకు దోపిన కొంగు, అచ్చం ఆమే. ఆ అవ్వ ఎన్నడూ బడి దిక్కు రాలేదు. గోడను అందరికీ చూపించే సోమవారం నాడు కూలి మానుకొని వస్తానన్నది. ఇగ దోస్తు ఆ భాగాన్ని మమ్మల్ని ముట్టనిస్తే ఒట్టు.

సోమవారం పొద్దున పోయేసరికి అల్లం లేదు, ఆడోళ్లు లేరు. మనిషెత్తు రంగు డబ్బా, పక్కన మామ దుకాణం పేరు, ఫోన్ నంబరు. ఆదివారం బడి లేదని చూసి పెయింటర్‌తో వేయించిండు.

అటే దుకాణానికి ఉరికిన. మామ దేవుని పటానికి ఊదుబత్తి తిప్పుతుండు.

"మూలకు అంటివి గద మామా."

"అది మూల కాదా బిడ్డా? రోడ్డు దిక్కు మూల."

"మనిషెత్తు డబ్బా వేసినవు."

"బస్సుల పోయేటోనికి కనబడాలె గద. ఎంత మూల అని నువ్వడిగినవా?"

"నిన్నేమడుగుత?"

"అడగాలె. దుకాణపోళ్ల పిల్లవు." నవ్విండు. "జర చాయ్ తాగి పో."

ఆయన ముఖంలో దాపరికమేమీ లేదు. మేనకోడలికి యాపారం నేర్పినట్టు సంతోషంగా ఉన్నడు.

మా కిరాణా ఆ పక్క సందులోనే. నాయిన కందిపప్పు చెరుగుతుండు. చెప్తే తల ఎత్తలేదు.

"నిన్ననే చెప్పిండు మీ మామ."

"మరి వద్దనలేదా?"

"నీ బేరం నీది. నడుమ నేనెందుకు?"

మామ మాట కంటే అదే ఎక్కువ గుచ్చింది.

బడికి తిరిగొచ్చేసరికి దోస్తు వాళ్ల అవ్వ గోడ ముందు నిలబడి ఉంది. పెట్టెలోంచి తీసిన చీర, నూనె పెట్టి దువ్విన తల.

"నేనేడున్ననే?" అని దోస్తునడిగింది.

"ఆ డబ్బా కిందున్నవు."

ఆమె దగ్గరకు పోయి డబ్బాను చేత్తో తడిమింది. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు, వేళ్లకంటింది. కొంగుకు తుడుచుకోబోయి, మంచి చీర గదా అని ఆగి, గోడకే తుడిచింది.

"మీ మామ దుకాణం పేరు దూరంకెల్లి గూడ కనబడుతుంది" అన్నది దోస్తు నాతో. ఆ తర్వాత ఇప్పటిదాకా ఇంకేమీ అనలేదు.

పెద్దసారు అడిగితే డ్రాయింగ్ మేడం "ఒప్పుకున్నది నేనే సార్" అని తన మీద వేసుకున్నది. నా దిక్కు మాత్రం చూడలేదు. నేను దాచుకున్న పైసలతో వేరే దుకాణంలో తెల్లరంగు కొన్న. చెప్పిన ధరకే, నోరు మెదపకుండా. లెక్కల సారు, నేను కలిసి ఆ డబ్బాను తెల్లగా పూసినం. మళ్లీ వెయ్యమని మేడం ఎంత బతిమాలినా దోస్తు కుంచె ముట్టలేదు.

మామ ఇంటికి ఇప్పటికీ పోత. ఏదన్నా ఇస్తుంటే ఎంత, ఎందుకు అని ముందే అడుగుత. నాయినను గూడ అట్లనే అడుగుత. పిల్లకు తెలివొచ్చిందని ఇద్దరూ సంబరపడుతరు.

ఇగ లెక్క. మామ ఇచ్చిన రంగుల ఖరీదులోంచి నేను కొన్న తెల్లరంగు ఖరీదు తీసేస్తే, పైసల్లో నాకు లాభమే. అది దాచను. పోయినవి: దోస్తు, మేడం ముందు నా మాటకున్న విలువ, అల్లం కడిగే ఆడోళ్లు. ఇంకా ఆ అవ్వ వదులుకున్న ఒకరోజు కూలి. అది ఇద్దామని నేను ఎన్నడూ పోలేదు.