కరెంటు పోయాక మోగని ఫోను

2012 మార్చిలో నన్ను చిక్కడపల్లికి ఆపరేషన్ ఏడీఈగా వేశారు. ఏడీఈ అంటే సహాయక డివిజనల్ ఇంజినీరు. కింద ఏఈలు, లైన్ ఇన్‌స్పెక్టర్లు, లైన్‌మెన్లు, పైన డీఈ. మధ్యలో ఉన్నవాడి పని అన్ని వైపుల నుంచీ మాటలు పడటం. పైవాళ్లు మీటింగుల్లో అంటారు, కిందివాళ్లు టీ కొట్టు దగ్గర అంటారు, జనం ఫోన్లో నేరుగానే అంటారు. రిటైరవడానికి రెండేళ్లుంది. ప్రశాంతంగా వెళ్లిపోదామనుకున్నవాడికి సరిగ్గా కోతల కాలంలో ఆ సీటు దొరికింది.

ఆ వేసవిలో కోతలు రెండు రకాలు. మొదటిది పత్రికల్లో వేసేది: ఫలానా ఫీడరుకి ఫలానా వేళ. సబ్‌స్టేషన్ నుంచి కొన్ని వీధులకి కరెంటు మోసుకుపోయే లైనును ఫీడరు అంటాం. రెండోది ఎవరూ ముందు చెప్పలేనిది. రాష్ట్రమంతటి లోడు చూసే కేంద్రం నుంచి ఫోను వస్తుంది, గ్రిడ్ ఫ్రీక్వెన్సీ పడిపోతోంది, వెంటనే ఇంత లోడు తగ్గించండి అని. దాన్ని మేము ఈఎల్‌ఆర్ అంటాం, అత్యవసర లోడు తగ్గింపు అన్నమాట. ఆదేశం వచ్చాక ఆలోచించుకునే వ్యవధి ఉండదు. ఏ ఫీడరు తర్వాత ఏది అన్న వరుస ఆపరేటరు బల్ల వెనక గోడ మీద రాసి ఉంటుంది. ఆ వరుసలో తీసుకుంటూ పోవాలి. ఆస్పత్రులకీ మంచినీళ్ల పంపులకీ తప్ప మినహాయింపు లేదు. కోత మీద కోత, గోరుచుట్టు మీద రోకటిపోటు.

మినహాయింపు అడిగేవాళ్లకి మాత్రం లోటు లేదు. రిసెప్షన్లు, గృహప్రవేశాలు, క్రికెట్ మ్యాచ్‌లు, కోచింగ్ సెంటర్ల గ్రాండ్ టెస్టులు. అశోక్‌నగర్ హాస్టళ్ల కుర్రాళ్లు గుంపుగా వచ్చి అన్నా అని మొదలుపెట్టి, వెళ్లేటప్పుడు నినాదాలు ఇచ్చి పోయేవారు. అందరికీ నాదొకటే జవాబు, కుదరదు అని.

ఏప్రిల్లో మమత అనే అమ్మాయి వచ్చింది. జనగామ దగ్గరి పల్లె. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి అశోక్‌నగర్లో ఆడపిల్లల హాస్టల్లో ఉంటోంది. గదిలో మిగతా వాళ్లంతా గ్రూప్స్ పరీక్షలకి చదువుతుంటే ఈమె ఒక్కతే స్వీడన్లో పీహెచ్‌డీకి ప్రయత్నిస్తోంది. ఆమె నోరు తెరవకముందే కుదరదమ్మా అన్నాను.

"కరెంట్ తియ్యొద్దని అడగనీకి రాలేదు సార్. ఎప్పుడు పోతదో, ఎప్పుడొస్తదో జర నిజం చెప్పుండ్రి. పేపర్ల ఉన్నది ఒకటి, అయ్యేది ఒకటి."

నా సర్వీసులో కరెంటు అడిగినవాళ్లే గానీ నిజం అడిగినవాళ్లు లేరు. కూర్చోమన్నాను.

ఆ దేశంలో పీహెచ్‌డీ అంటే ఉద్యోగం లాంటిదట. ఫీజు లేదు, పైగా నెలనెలా జీతం. ఆ ప్రొఫెసర్ దగ్గర ఉన్నది ఒకటే ఖాళీ. మొదటి వడపోతలో మమత నిలిచింది. రెండోది ఇంటర్నెట్లో ముఖాముఖి. గంటసేపు తన ప్రాజెక్టు బొమ్మలు తెర మీద చూపిస్తూ మాట్లాడాలి. మొదటిసారి మా కోత వల్లే అది మధ్యలో తెగిపోయింది. ప్రొఫెసర్ పెద్దమనసుతో ఇంకో తేదీ ఇచ్చాడు. మూడోసారి అడిగే ముఖం లేదంది. నెట్ సెంటర్లో పక్క క్యాబిన్ల గోల. హాస్టల్ ఇన్వర్టరు రెండు లైట్లకే మూలుగుతుంది. ఇంట్లో అన్నయ్యకి మొదటి నుంచీ నమ్మకం లేదు. "సదువుకునేటోళ్లకు ఉల్టా వాళ్లే జీతమిస్తరా? ఏదో మోసం ఉంటది" అంటాడట. ఇది కూడా పోతే జూన్ నుంచి ఊరి దగ్గర ప్రైవేటు కాలేజీలో చేరాలని ఇంట్లో మాటైపోయింది.

ముఖాముఖి గురువారం మధ్యాహ్నం రెండున్నరకి. ఆ వేళకి అశోక్‌నగర్ ఫీడరుకి ఎలాగూ కోత ఉంది. నారాయణగూడ వైపు వెళ్లే ఫీడరుకి కోత ఉదయమే అయిపోతుంది. అటువైపు ఎవరింట్లోనైనా కూర్చోమన్నాను. తనకి అక్కడ తెలిసినవాళ్లెవరూ లేరంది.

నాకు మాత్రం ఒకరు తెలుసు, కావలసినదానికంటే ఎక్కువే. కామేశ్వరమ్మ గారు. రాజమండ్రి నుంచి వచ్చి నారాయణగూడలో స్థిరపడిన రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్. ఇంట్లో పిల్లలకి ఇంగ్లీషు చెబుతుండేవారు. కంప్యూటరూ, బ్రాడ్‌బ్యాండూ ఉన్నాయి. కరెంటు పోయిన రెండు నిమిషాల్లో సబ్‌స్టేషన్‌కి ఆవిడ ఫోను రావలసిందే. ఇన్వర్టరు పెట్టించుకోండమ్మా అని ఒకసారి సలహా ఇచ్చి చీవాట్లు తిన్నాను. "నేను బిల్లు కడుతున్నది మీ కరెంటుకండీ, ఎవరి బ్యాటరీకో కాదు" అన్నారు. అలాంటి మనిషికి నేనే ఫోన్ చేసి ఉపకారం అడగడమంటే కొరివితో తల గోక్కోవడమే. అయినా చేశాను.

"ఏమండీ ఇంజినీరు గారూ, మీరు నాకు ఫోన్ చేశారా! మీ ఆఫీసులో కరెంటు పోయిందా ఏమిటి?" అన్నారు. విషయం విన్నాక గొంతు మారింది. అమ్మాయిని ఒంటిగంటకే పంపమన్నారు, భోజనం అక్కడేనట.

ఫోను పెట్టేస్తుంటే ఒక సంగతి తట్టింది. కరెంటు పోయినప్పుడల్లా ఆవిడ ఏ ఫోన్లోంచి తిడుతున్నారు? ల్యాండ్‌లైను. దానికి కావలసిన కాస్త కరెంటూ టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచే తీగలో వస్తుంది. మా కోతతో దానికి పని లేదు, కోత వేళ మొరాయించే సెల్ టవర్ల లాగా కాదు. మమతకి అదే చెప్పాను. ఉదయం కోత అయిపోయినా ఈఎల్‌ఆర్ రాదని నేను హామీ ఇవ్వలేను. అందుకని ఆ ల్యాండ్‌లైను నంబరు ప్రొఫెసర్‌కి ముందే పంపు, తెగిపోతే ఆయన్నే చేయమను అన్నాను. ఇదంతా విని ఆమె నిరాశపడలేదు. "గిట్ల చెప్తే చాలు సార్" అంది.

గురువారం నేను సబ్‌స్టేషన్లోనే కూర్చున్నాను. పని ఉందని ఏఈకి చెప్పాను గానీ అంత పనేమీ లేదు. ఆ రోజు ఎండకి ఊళ్లో కూలర్లన్నీ ఒకేసారి తిరిగినట్టున్నాయి, ఉదయం నుంచే ఆదేశాలు. గోడ మీది వరుసలో ముందున్న ఫీడర్లన్నీ ఒక్కొక్కటే అయిపోయాయి. రెండున్నర దాటింది. అమ్మయ్య, మొదలుపెట్టి ఉంటారు అనుకుంటుండగా ఫోను మోగింది. మళ్లీ ఈఎల్‌ఆర్.

ఆపరేటర్ యాదయ్య రిసీవరు పెట్టి గోడ వైపు చూసి నా వైపు చూశాడు. అతనికి కథంతా తెలుసు. "సార్, ఇప్పుడు నంబర్ నారాయణగూడదే ఉన్నది. దాని తర్వాతది తీద్దమా?"

తీయొచ్చు. అడిగేవాడు లేడు. కానీ ఆ తర్వాతి ఫీడరు మీద కూడా ఎవరికో ఏదో ఒక పరీక్ష ఉండే ఉంటుంది. వాళ్లు నా దగ్గరికి రాలేదు, అంతే. ఆ రోజు నా ఉద్యోగం మీద నాకు అసహ్యం వేసింది.

"తియ్యి యాదయ్యా" అన్నాను. బ్రేకరు టప్పుమని పడింది.

ఇద్దరం ఫోను వైపే చూస్తున్నాం. రెండు నిమిషాలైంది, ఐదైంది, పదైంది. కామేశ్వరమ్మ గారి ఫోను రాలేదు. ఆ లైన్లో మమత మాట్లాడుతూ ఉండి రాలేదా, లేక ఆ లైను కూడా చచ్చి రాలేదా తెలియదు. నేను చేసి చూడొచ్చు. కానీ ఆ ప్రొఫెసర్ తిరిగి ప్రయత్నిస్తున్న క్షణంలోనే నేను చేస్తే లైను నేనే ఆక్రమించినట్టవుతుంది. చేతులు కట్టుకుని కూర్చున్నాను. అన్నాళ్లు ఆవిడ ఫోనంటే హడలి చచ్చినవాణ్ని, ఆ మధ్యాహ్నం ఆ ఫోను మోగకూడదనీ, ఎలాగో ఒక కబురు మాత్రం తెలియాలనీ కోరుకున్నాను.

లోడు కుదుటపడి మళ్లీ కరెంటు ఇచ్చాక కూడా చాలాసేపటికి గానీ ఫోను మోగలేదు.

"తీసేశారుగా! సరిగ్గా మధ్యలో తీసేశారుగా!" ఆవిడే. తిట్లన్నీ వరసగా పూర్తయ్యాక అసలు మాట చెప్పారు. "ఆయనే ఫోన్ చేశాడండీ. ఇంతసేపూ మాట్లాడి ఇప్పుడే పెట్టింది. పిల్ల నవ్వుతూ మాట్లాడింది. నవ్వుతూ!"

నేనూ యాదయ్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అతను టీ చెప్పడానికి బయటికెళ్లాడు.

మర్నాడు మమత వచ్చి చెప్పింది. "స్లైడ్లు పోయినయి గద సార్. మీ దగ్గర ఇట్ల కరెంట్ పోతే ఇంక్యుబేటర్ల ఉన్న బ్యాక్టీరియా ఏమైతదని అడిగిండు. ఉన్నదున్నట్టు చెప్పిన." ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఆమె రోజూ పొద్దున్నే కాలేజీ దగ్గరి సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి కోత వేళ కనుక్కునేదట. ఆ వేళకి ముందే థర్మాకోల్ డబ్బాలో వేడినీళ్ల సీసాల మధ్య బ్యాక్టీరియా పెంచే తన పళ్లేలు వెచ్చగా ఉండేలా సర్దేసేదట. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు, మొదటిరోజు కరెంటు బదులు వేళ ఎందుకు అడిగిందో. ప్రొఫెసర్ మిగిలిన సమయమంతా ఆ డబ్బా గురించే అడిగాడట.

నెల తిరక్కముందే సీటు వచ్చింది, జీతంతో సహా. ఇంటి చిరునామాకి వచ్చిన ఆ కాగితాలు అన్నయ్య జనగామ నుంచి పట్టుకొచ్చాడు. కామేశ్వరమ్మ గారు అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి ప్రతి పేరా తెలుగులో చెప్పారట. అంతా విని "అయితే జీతమే ఇస్తరన్నట్టు" అని ఒక్క మాట అన్నాడట. మమత సెప్టెంబరులో వెళ్లింది.

ఆ తర్వాత ఒక పని చేశాను. సబ్‌స్టేషన్ గేటుకి కోతల వేళలతో పాటు ఆ రోజు ఈఎల్‌ఆర్ వస్తే తీసే ఫీడర్ల వరుస కూడా రాయించాను. డీఈ గారు అది లోపలి సమాచారమని గొణిగారు గానీ తీయించలేదు. గుంపులుగా వచ్చేవాళ్లు కొంత తగ్గారు. కరెంటు ఇవ్వలేని రోజున కూడా శాఖ ఇవ్వగలిగింది ఒకటుంది, ఎప్పుడు పోతుందో ఉన్నదున్నట్టు చెప్పడం. దాంతో జనం తమ ఏర్పాట్లు తాము చేసుకుంటారు.

ఫోను రాలేదంటే అంతా బాగున్నట్టే అనుకోవడం మా శాఖలో పాత అలవాటు. నా సర్వీసు మొత్తంలో అది నిజమైంది ఆ ఒక్క గురువారమే. మర్నాడు శుక్రవారం కరెంటు పోయిన రెండు నిమిషాల్లో కామేశ్వరమ్మ గారు మళ్లీ లైన్లోకి వచ్చారు.