చెక్క తీసిన చోట

ఈ వానల్లో మా వీధిలో మురుగు కాలువ కోసం గుంత తవ్వుతున్నారు. దాటడానికి దాని మీద ఒక చెక్క వేశారు. పొద్దున ఎవరో దాని మీద నడిస్తే దడదడమని చప్పుడైంది, తడి బంకమట్టి వాసన ఇంట్లోకి వచ్చింది. ఆ చప్పుడుకు నా ఎడమ కాలు ఇప్పటికీ బిగుసుకుంటుంది. ఆ వెంటనే వకీలమ్మ గొంతు గుర్తొస్తుంది, కాలు మళ్ళీ వదులవుతుంది.

సావిత్రమ్మగారిని గోదావరిఖనిలో అందరూ వకీలమ్మ అనే పిలిచేవారు. గుంటూరు వైపు మనిషి. భర్త గని ఉద్యోగం కోసం వచ్చి, ఇక్కడి ఎండలను తిట్టుకుంటూనే ఇక్కడే ఉండిపోయింది. ఎంత తొందరలో ఉన్నా కుర్చీలోంచి లేస్తే దాన్ని బల్ల కిందికి తోసి గానీ కదిలేది కాదు. నేల మీద నీళ్ళు ఒలికితే నౌకరు కోసం చూడకుండా తనే తుడిచేది. ఎందుకమ్మా నీకు ఈ పని అంటే, "నా వెనక ఎవరొస్తారో చూసుకోవద్దా?" అనేది. చాదస్తం అనుకునేదాన్ని.

అప్పట్లో మేము సెంటినరీ కాలనీలో ఉండేవాళ్ళం. నేను ఇళ్ళ దగ్గర అన్నం క్యారియర్లు తీసుకుని, గంపలో పెట్టి, నెత్తి మీద మోసుకుని గని గేటు దాకా చేర్చేదాన్ని. క్వార్టర్ల వెనక ఖాళీ జాగాలో అడ్డదారి ఉండేది. పైపులు వేసే కాంట్రాక్టరు మనుషులు ఆ దారికి అడ్డంగా గుంత తవ్వి, ఒక చెక్క వేశారు. రోజూ దాని మీదుగానే పోయేదాన్ని. ఒక సాయంత్రం చెక్క తీసుకుపోయారు. రాత్రి పెద్ద వాన పడింది. తెల్లారేసరికి గుంతా నేలా ఒకటే ఎర్రనీళ్ళు. చెక్క నీళ్ళ కింద ఉందనుకుని అడుగు వేశాను.

తొడ ఎముక విరిగింది. ఒక ఆపరేషన్ అయ్యాక కూడా ఎముక సరిగ్గా అతకలేదు, రెండోది చేస్తే గానీ బరువు మోయలేనన్నారు దవాఖానలో. కాంట్రాక్టరు తనకేం సంబంధం లేదన్నాడు. చూడటానికి వచ్చిన పక్కింటి ఆమె కూడా, "కండ్లు గంపల బెట్టుకున్నవా రాజవ్వా?" అంది. నిజమే, తప్పు నాదే అని నేనూ నమ్మాను. కాలి నొప్పి కంటే అదే ఎక్కువ బాధించింది.

మా ఆయన వకీలమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. "వాళ్ళు నాకేమైతరమ్మా? నేను వాళ్ళ కూలీని గాదు, సుట్టాన్ని గాదు. ఏమని అడుగుత?" అన్నాను.

"ఏమీ కానివాళ్ళ కోసమేనే ఈ చట్టం. మీ ఆయనే గుంత తవ్వుంటే కోర్టుదాకా వచ్చేదానివా? ఇంట్లోనే చీపురు తిరగేసేదానివి" అంది. మా ఆయన తల వంచుకుని నవ్వాడు. తర్వాత జరిగిందంతా చెప్పించుకుంది. చెక్క మాట రాగానే రాసుకోవడం ఆపింది. "ఆ చెక్క ఎవరు వేశారు?" అని రెండుసార్లు అడిగింది.

కాగితం మీద వేలిముద్ర పెట్టించుకుంటూ, "ఈసారికి సరే. తీర్పు నాటికి సంతకం చెయ్యాలి" అంది. అప్పటికే నాకు మనవరాలు పుట్టింది. సిగ్గుపడ్డాను, ఆమె వినలేదు. వాయిదా పడ్డప్పుడల్లా కోర్టు వరండాలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది.

అక్కడే ఒకరోజు అడిగింది. "ఎక్కడివాడో మేకను వెతుక్కుంటూ వచ్చి, కంచె దూకి, కాంట్రాక్టరు సామాన్ల మధ్య పడ్డాడనుకో. తప్పు కాంట్రాక్టరుదేనంటావా?"

"ఎట్లంట? వాడు గాడికొస్తడని ఎవలనుకుంటరు?"

"కోర్టు చూసేదీ అదే. దెబ్బ తగలొచ్చని ముందే తట్టే పనేనా? తగిలిన మనిషి ఆ పనికి దగ్గరగా మసిలేవాళ్ళేనా? ఆ బాధ్యత వీడి మీద పెట్టడం న్యాయమేనా? అందరూ అందరికీ జవాబు చెప్పాలంటే గడ్డపార పట్టేవాడే ఉండడు."

"మరి నేను దగ్గరిదాన్నేనా అమ్మా?"

"అది జడ్జిగారు చెప్పాలి. నువ్వు మాత్రం నిజం చెప్పు. అది రోడ్డేనా అని అడిగితే కాదనే చెప్పు" అంది. అలా చెబితే కేసు పోతుందేమో అనుకున్నాను.

బోనులో నిలబెట్టినరోజు అవతలి వకీలు మొదలుపెట్టిందే అక్కడ. "అది రోడ్డేనా?"

"కాదు సార్."

"వేరే రోడ్డు ఉందా?"

"ఉన్నది. సుట్టు తిరిగి పోవాలె."

"మరి మీరు ఆ గుంత దాటుతారని మా కాంట్రాక్టరుకు ఎలా తెలుస్తుంది? కల రావాలా?"

"కలెందుకు సార్? చెక్క ఏసిందే వాళ్ళాయె. నెత్తి మీద గంప జూసి, 'అవ్వా, పైలం' అని చెయ్యందిచ్చేటోళ్ళు. నేనొస్తనని తెల్వక గాదు సార్. యాది మర్శిండ్రు."

అవతలి వకీలు కాగితాలు తిరగేశాడు. వకీలమ్మ తాను రాసుకున్న ప్రశ్నలు మడిచి పెట్టేసి, ఇక అడిగేది లేదంది.

తీర్పు రోజు జడ్జిగారు మాకు అర్థం కావాలని తెలుగులో కూడా చెప్పారు. అందరి కోసమూ కాంట్రాక్టరు ఆలోచించనక్కర్లేదు. కానీ చెక్క వేసినప్పుడే అక్కడ ఎవరు నడుస్తారో అతనికి తెలుసు. తీసేటప్పుడు వాళ్ళను తలుచుకోవాల్సిన బాధ్యత అతనిదే. ఆ మాటకు, నెలల తరబడి మోస్తున్న గంపను ఎవరో దించినట్టయింది. తప్పు నాది కాదు. పరిహారం డబ్బుతో రెండో ఆపరేషన్ అయింది, మళ్ళీ నడిచాను. తీర్పు రోజున కాగితం మీద వంకరగా నా పేరు రాస్తుంటే వకీలమ్మ నా భుజం మీదుగా చూస్తూ, "వత్తు మరిచావు" అని గద్దించి, కళ్ళు తుడుచుకుంది.

ఆమె పోయి కొన్నేళ్ళయింది. ఇవాళ సాయంత్రం బయట చప్పుడైతే వెళ్ళి చూశాను. ఇద్దరు కూలీలు చెక్క లేపుతున్నారు.

"తీస్తున్నరా బిడ్డా?"

"అవతల అవసరం పడ్డదవ్వా."

"తీస్కపోండ్రి. గానీ తీసినంక గీడికి ఎవలొస్తరో జెర చెప్పుండ్రి."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "పాలామె వస్తది" అన్నాడు ఒకడు. రెండోవాడు బిగుసుకున్న నా కాలి వైపు, గుంత వైపు చూసి, చెక్కను మెల్లగా మళ్ళీ కిందికి దించాడు.

"నువ్వొస్తవు గదవ్వా" అన్నాడు.